ముందు వృత్తం చూపించు

అనంతపురం

అమ్మా,

ప్రొద్దుటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. సౌష్ఠవం ఉన్న వాస్తవ మానిఫోల్డ్‌ను, అంటే వృత్తం, గోళంలా దగ్గర్నుంచి చూస్తే చదునుగా కనిపించే ఆకారాన్ని, సంకీర్ణ మానిఫోల్డ్‌గా విస్తరించడం గురించి తెలుగులో రాయాలని కూర్చోవడమే నాకు ఎంతో నచ్చింది. కానీ మొదటి పేరాలోనే గ్రౌవెర్ట్ 1958, బ్రూహా, విట్నీ 1959, హైంజ్‌నర్ 1993 అని గణితజ్ఞుల పేర్లు, వాళ్ల పత్రాల ఏళ్లు వరసపెట్టావు. దేన్ని విస్తరిస్తున్నామో చదివేవాళ్లకు ఇంకా తెలియదమ్మా.

ముందు వృత్తం చూపించు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ విలువ ఒకటి. ఇంటర్‌లో అందరూ చేసిందే. ఇప్పుడు ఎక్స్, వై సంకీర్ణ సంఖ్యలైనా సరే అను. ఎడమవైపును ఎక్స్ ప్లస్ ఐవై, ఎక్స్ మైనస్ ఐవై అనే రెండింటి లబ్ధంగా విడగొట్టు (ఐ అంటే మైనస్ ఒకటి వర్గమూలం). మొదటిది యూ అనుకుంటే రెండోది దాని విలోమం. ఇక యూ సున్నా కాకుంటే చాలు, ఏ సంకీర్ణ సంఖ్యయినా కావచ్చు. వృత్తం కాస్తా నడిమధ్య ఒక్క చుక్క లేని తలమైంది. పాత వృత్తం, మాడ్యులస్, అంటే సున్నా నుంచి దూరం, ఒకటి ఉన్నచోట, అట్లే ఉంది.

సమూహం, అంటే ఆకారాన్ని దాని మీదికే తెచ్చే కదలికల గుంపు, కూడా పెరిగింది. వృత్తాన్నైతే తిప్పగలం, అంతే. ఈ తలాన్ని తిప్పనూవచ్చు, బయటికి సాగదీయనూవచ్చు. మా జేజి ఇసుర్రాయి నడిమి గుంతలో రాగులు పోసేది. గింజ తిరుగుతూ తిరుగుతూ అంచుకు జరిగి పిండై రాలేది. యూను మాడ్యులస్ ఒకటికన్నా పెద్దదైన, వాస్తవం కాని ఒక సంకీర్ణ సంఖ్యతో మళ్లీ మళ్లీ గుణిస్తూ పోతే అది నడిచే దారి అట్లాంటిదే. నీ ఇంట్లో నీకు ఇంకేదైనా కనిపిస్తే అదే రాయి, నాది వాడకు.

అసలు చిక్కును నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. రియల్ అనలిటిక్ మానిఫోల్డ్ (ప్రతి చోటా ఘాత శ్రేణులతో రాయగలిగేది) చుట్టూ సంకీర్ణ పొర ఒకటి ఉంటుందని బ్రూహా, విట్నీ చూపారు. ఆ పొర చాలా పలుచన కావచ్చు. సమూహం కదిపినప్పుడు బిందువు పొర దాటి పోతే? ఎంత కదిపినా తనలోనే నిలుపుకునే పొర కావాలి. సమూహం కాంపాక్ట్ అయితే, అంటే వృత్తాన్ని తిప్పే కదలికల్లా అనంతం వైపు పారిపోనిదైతే, పొరను కొంచెం కుదిస్తే సరిపోతుంది. కాకపోతే చర్య, అంటే సమూహం బిందువులను కదిపే తీరు, ప్రాపర్‌గా ఉండాలనే షరతు (సమూహంలో ఎంతో దూరం పోయిన కదలికలు ఏ కాంపాక్ట్ ముక్కనైనా దాని పాత చోటు నుంచి పూర్తిగా తప్పించాలి) ఆదుకుంటుంది. హైంజ్‌నర్ పేరు అప్పుడు తీసుకురా.

గోళం పేరా మాత్రం ముట్టుకోకు. సంకీర్ణ బిందువు కల్పిత భాగం దాని వాస్తవ భాగానికి లంబంగా ఉండాలి కాబట్టి ప్రతి బిందువూ తన స్పర్శతలాన్ని వెంటబెట్టుకొచ్చిందని చక్కగా రాశావు. దాన్ని వృత్తం పక్కకు జరిపి, మిగతాది తిరగరాసి పంపు. దసరా సెలవుల్లో ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో