కార్డు సంగతి తర్వాత, ముందు అమ్మకు చెప్పండి

ప్రశ్న: నా వయసు 36. విడాకులు మంజూరై ఏడు నెలలైంది. ఈమధ్య మనశ్శాంతి కోసం, బొమ్మల పేకముక్కలు తీసి జోస్యం చెప్పే టారో కార్డులు నేర్చుకుంటున్నాను. ఎప్పుడు తీసినా ‘టెన్ ఆఫ్ సోర్డ్స్’ కార్డే వస్తోంది. ఒక మనిషి బోర్లా పడి ఉంటాడు, అతని వీపులో పది కత్తులు. చూడగానే గుండె గుభేలుమంటోంది. ఇంకా ఏదో కీడు జరగబోతోందా? అదే కార్డు తలకిందులుగా వస్తే ఆయన తిరిగి వస్తారని స్నేహితురాలు అంటోంది. నిజమేనా? అమ్మకు విడాకుల సంగతి ఇంకా తెలియదు. నాన్న మా చిన్నప్పుడే పోతే, తనే ఉద్యోగం చేసి అన్నయ్యను, నన్ను పెంచింది. ఇప్పుడు బీపీ ఉంది, తట్టుకోలేదు, చెప్పవద్దని అన్నయ్య అన్నాడు. ఫోనులో అల్లుడి గురించి అడిగినప్పుడల్లా ‘ఆయన ఊళ్లో లేరు’ అంటున్నాను. ఆ కార్డుకు అర్థం ఏమిటో చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం కార్డు గురించే ఉంది. అమ్మ గురించి చివర్లో నాలుగు మాటలు రాసి మళ్లీ కార్డు దగ్గరికే వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ నాలుగు మాటలు చదివాక ముందుకు సాగబుద్ధి కాలేదు. అయినా అడిగారు కాబట్టి ముందు కార్డు సంగతి తేల్చేద్దాం.

టారో కార్డులు 15వ శతాబ్దంలో ఇటలీలో పుట్టాయి. అప్పట్లో అవి కాలక్షేపానికి ఆడుకునే పేకముక్కలే. వాటితో జాతకం చెప్పడం 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో ఊపందుకుంది. మీరు వర్ణించిన బొమ్మ 1909లో లండన్‌లో వెలువడిన పేకలోది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ రూపొందించిన ఆ పేకకు పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీశారు. ఈ కార్డుకు బాధ, కన్నీళ్లు, దుఃఖం అని అర్థాలు రాసిన వెయిట్, ఇది ప్రత్యేకించి దుర్మరణాన్ని సూచించే కార్డు కాదని కూడా రాశారు. తలకిందులుగా వస్తే లాభం, విజయం అన్నారు, అవీ నిలవవన్నారు. వదిలి వెళ్లినవాళ్లు తిరిగి వస్తారని ఎక్కడా అనలేదు.

పేకలో 78 కార్డులుంటాయి. ‘ఎప్పుడు తీసినా అదే’ అన్నారు. మిగతావి కూడా మీ చేతికి వచ్చే ఉంటాయి, కానీ భయపెట్టినదే గుర్తుండిపోతుంది. రేపు ఏం జరుగుతుందో చెప్పే శక్తి ఏ కార్డుకూ లేదు. ఇది నా గట్టి నమ్మకం. ఆయన తిరిగి వస్తారా అన్న ప్రశ్ననైతే నేను అసలు తీసుకోను. న్యాయస్థానం ముగించిన సంబంధాన్ని పేకముక్కలతో తిరగదోడవద్దు. అది మీ ఆత్మగౌరవానికి తగని పని.

అయితే ఆ బొమ్మను ఒకసారి భయం లేకుండా చూడండి. పడి ఉన్న మనిషి వీపంతా కత్తులే. నడుము కింద ఎర్రటి బట్ట కప్పి ఉంది. పైన ఆకాశం నల్లగా ఉంటుంది, దాని కిందే కొండల వెనక పసుపు వెలుగు పరుచుకుని ఉంటుంది. నీళ్లలో అల కూడా లేదు. పొడిచినవాడు బొమ్మలో ఎక్కడా కనిపించడు. అంటే జరగాల్సింది జరిగిపోయింది. మీరు దాన్ని రాబోయే కీడుగా చదువుకుంటున్నారు. ఈ కార్డులు చదివేవాళ్లు మరో మాట కూడా అంటుంటారు: ప్రాణం తీయడానికి ఒక్క కత్తి చాలు, పది ఎందుకు? ఆ ప్రశ్నే మిమ్మల్నీ అడుగుతున్నాను. విడాకులు ఒక్క దెబ్బ. ఆ తర్వాత అమ్మకు ఫోను చేసి ‘ఆయన ఊళ్లో లేరు’ అన్న ప్రతిసారీ మిమ్మల్ని మీరే ఇంకోసారి పొడుచుకుంటున్నారు. పెళ్లి ముగిసిందని ఒప్పుకోవడానికి మనసు సిద్ధపడుతున్న ప్రతిసారీ, అమ్మతో మాట్లాడేటప్పుడు దాన్ని మళ్లీ బతికించాల్సి వస్తోంది. ఇక మనశ్శాంతి ఎలా దొరుకుతుంది?

మీ అమ్మగారు తట్టుకోలేరని ఎవరు తేల్చారు? కట్టుకున్నవాడు పోతే, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఉద్యోగం చేసుకుంటూ నిలబడ్డ మనిషి ఆవిడ. భర్త లేని ఇంట్లో రాత్రి తలుపు గడియ వేసుకోవడం ఎలా ఉంటుందో, నలుగురిలోకి వెళ్తే ఎలాంటి చూపులు పడతాయో మీ అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. ఈ సమయంలో మీకు అక్కరకొచ్చే మనిషి సొంత కుటుంబంలోనే ఉంటే, ఆవిడను వదిలేసి కార్డులను అడుగుతున్నారు. నాకు బాధ కలిగించింది ఇదే. కన్నబిడ్డ కష్టం తెలుసుకునే హక్కు తల్లికి ఉంటుంది. ఆవిడ మంచికోరి దాచామని మీరు అనుకున్నా, ఆవిడకు మాత్రం పరాయిదాన్ని చేశారనే అనిపిస్తుంది.

అన్నయ్య ప్రేమతోనే వద్దని ఉండవచ్చు, కాదనను. కానీ అది అమ్మ బీపీ గురించిన భయమో, బంధువులు ఏమంటారోనన్న భయమో ఆయన్నే ఒకసారి సూటిగా అడగండి. బీపీ నిజంగానే ఎక్కువగా ఉంటే అమ్మను చూసే డాక్టరుతో ముందు మాట్లాడండి. ఇంట్లో ఎవరో ఒకరు పక్కనుండగా, మందులు వేసుకున్నాక నెమ్మదిగా చెప్పవచ్చు. ఏడు నెలలుగా దాచిన సంగతి ఇంకెంతకాలం దాగుతుంది? ఏ దూరపు బంధువో పరామర్శకు ఫోను చేస్తే అప్పుడు ఆవిడ గుండె ఏమవుతుందో ఆలోచించారా?

ఫోనులో చెప్పవద్దు. వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పండి. ‘అమ్మా, మేం విడిపోయాం. ఏడు నెలలైంది. నీకు చెప్పడానికి భయపడ్డాను.’ ఇంతకు మించి ఉపోద్ఘాతం అక్కర్లేదు. ఏడిస్తే ఏడవనివ్వండి, ఓదార్చాలని కంగారుపడి మళ్లీ ఏ అబద్ధమూ ఆడకండి. ‘ముందే ఎందుకు చెప్పలేదే’ అని కోప్పడతారు. ఆ కోపం న్యాయమైనదే, తలవంచి వినండి. ‘నేను వెళ్లి అల్లుడితో మాట్లాడతాను’ అంటే మాత్రం, అయిపోయిందని మెత్తగానే అయినా గట్టిగా చెప్పండి. ఆయన తప్పుల చిట్టా విప్పనక్కర్లేదు. మీరు ఎలా ఉంటున్నారో చెప్పండి, ఆవిడకు కావాల్సింది అదే. కుదిరితే నాలుగు రోజులు ఆవిడ దగ్గరే ఉండండి. చెప్పేసి వెంటనే తిరుగు ప్రయాణం కట్టకండి. మొదటి రోజు అడగలేని ప్రశ్నలు మూడో రోజు అడుగుతారు.

వారం తిరక్కుండా బయల్దేరండి. అన్నయ్యకు వస్తున్నానని, అమ్మకు చెప్పబోతున్నానని ముందుగా తెలియజేయండి. అనుమతి మాత్రం అడగవద్దు.