మొగలి నీరు ఇంట్లో తీయడం ఎలా?

ప్రశ్న: మొగలి పువ్వును నీళ్లలో ఉడికించి వడగట్టాం. పరిమళం లేదు, ఉడికిన ఆకు వాసనే వచ్చింది. తప్పెక్కడ జరిగింది?

జవాబు: పరిమళమంతా ఆవిరితో వెళ్లిపోయింది, మీకు మిగిలింది కషాయం. పట్టుకోవాల్సింది ఆ ఆవిరినే. ఒడిశాలోని గంజాం జిల్లాలో చేసేదీ అదే: రాగి డేగిశాలో పువ్వులు మరిగించి, వెదురు గొట్టం గుండా ఆవిరిని చల్లటి పాత్రలోకి దింపుతారు. అత్తరుకైతే ఆ పాత్రలో చందన తైలం పోసి ఉంచుతారు.

పువ్వు మగ చెట్టుదే కావాలి. అనాసలాంటి కాయ కాసే ఆడ చెట్టు ఇందుకు పనికిరాదు. పొత్తి విచ్చుకోగానే, ఎండెక్కక ముందే కోయండి; వడలితే వాసన పలచబడుతుంది. రేకుల అంచున ముళ్లుంటాయి, చేతులు జాగ్రత్త. లోపలి పుప్పొడి కంకుల్ని పారేయకండి, వాటిలోనూ ఘుమఘుమ ఉంటుంది.

పెద్ద గిన్నెలో స్టాండు, దానిపై ఖాళీ స్టీలు గిన్నె పెట్టండి. చుట్టూ లీటరు నీళ్లు, ఒక పువ్వు ముక్కలు వేయండి. మూత తిరగేసి మూసి, పైన ఐసు పెట్టండి; ఆవిరి చల్లబడి లోపలి గిన్నెలోకి చుక్కలుగా పడుతుంది. సన్నసెగే ఉండాలి, తెర్లితే కషాయం లోపలి గిన్నెలోకి చిందుతుంది. 150 మిల్లీలీటర్లు చేరగానే దించేయండి. ఇంకా మరిగిస్తే మళ్లీ ఆ ఆకు వాసనే. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, వారంలో వాడేయండి.