పాత కొండ అడవిలో పక్షులు కనబడడం లేదన్నవారికి

కొండమీది పాత దేవదారు, ఫర్ అడవిలో రెండు రోజులు తిరిగినా వడ్రంగిపిట్ట చప్పుడు తప్ప ఏమీ దక్కలేదని, ఇంకా శక్తిమంతమైన బైనాక్యులర్ కొనాలా అని అడిగారు. అక్కరలేదు. 8 రెట్లు పెద్దదిగా చూపేది చాలు. 10 రెట్లదైతే చేతి వణుకు కూడా పెద్దదవుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. లోపం మీ నడకలో ఉంది.

నేనూ మొదట్లో కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటూ తిరిగినవాడినే. ఒక ఉదయం మోకాలు పట్టేసి, నాచుపట్టిన మానుకు ఆనుకుని కూలబడ్డాను. అరగంట దాకా అలికిడి లేదు. అప్పుడు ఒళ్లో చెట్టుకాయ పొలుసులాంటి గోధుమరంగు రేకు ఒకటి పడింది, వెంటనే మరొకటి, ఆపైన గింజలు పోయిన పలుచటి రెక్కలు గిరగిరా తిరుగుతూ దిగసాగాయి. గాలి లేదు. తలెత్తి చూస్తే చిటారుకొమ్మన ఇటుకరంగు మగ క్రాస్‌బిల్ పిట్టలు మూడు, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు ఆడది ఒకటి, చిలకల్లా తలకిందులుగా వేలాడుతూ కాయలు ఒలుస్తున్నాయి. ఒకదానినొకటి దాటిన ముక్కు కొనలను రేకుల సందులో దూర్చి, ఎడంచేసి, నాలుకతో గింజను లాగుతున్నాయి. మేతవేళ అవి దాదాపు కూయవు కనుక, నడుస్తూ ఉంటే వాటి కిందినుంచే వెళ్లిపోయేవాడిని.

కాబట్టి ముందు నేలను చూడండి: తాజాగా రాలిన రేకులు, చెట్టు మొదట్లో గుడ్లగూబ కక్కిన బొచ్చు, ఎముకల ఉండలు. చిన్న పిట్టలు పలు జాతులు కలిసి జట్టుగా తిరుగుతాయి. ఆ జట్టు వచ్చేదాకా అడవి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. మాను వెంట తలకిందులుగా దిగగలిగేది నట్‌హాచ్, పైకి మాత్రమే పాకేది ట్రీక్రీపర్. ఎదురు వెలుతురులోనూ ఈ గుర్తు చెడదు. 5, 6 గ్రాములుండే గోల్డ్‌క్రెస్ట్ పిట్ట కూత ఎంత సన్నమంటే, వయసు మళ్లిన చెవికి అందదు. నాకిప్పుడు అందడం లేదు. పక్కన పిల్లలుంటే వారినే అడుగుతాను.

ఫోన్‌లో కూతలు వినిపించి పక్షిని రప్పించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గూడు కట్టే రోజుల్లో ఆ పక్షి, అక్కడ లేని శత్రువు కోసం మేత మాని వెతుకుతుంది. అంతకన్నా బాధ, అడవిని శుభ్రం చేస్తున్నామంటూ ఎండిన మానులను కొట్టేయడం. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రలోనే చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి. ఆ మాను పోతే రెంటికీ నీడ లేదు.

అటువంటి ఎండుమాను ఇంకా నిలబడి ఉన్నచోటు మీకు కనిపిస్తే, దానికి కాస్త ఎడంగా, ఎండను వీపుకు పెట్టుకుని రెండు గంటలు కూర్చోండి. నేల తడిగా ఉంటుంది, మందపాటి చాప తీసుకెళ్లండి.