బాబు డైపర్ గురించి, పెద్దమ్మ నుంచి

అమ్మలూ,

రెండేళ్లొస్తున్నా బాబు డైపర్ వదల్లేదని మీ అత్తగారు తొందరపెడుతున్నారట, మీ అమ్మ చెప్పింది. వచ్చే జూన్‌లో ప్లేస్కూల్ వాళ్లూ అడుగుతారని నీ టెన్షన్.

మన రాజాం వైపు నెలల పిల్లల్ని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని 'ఉస్స్' అంటే పోసేస్తారు, నిజమే. కానీ అక్కడ వేళ కనిపెట్టేది పెద్దవాళ్లు. వస్తోందని తెలియడం, కాసేపు ఆపుకోవడం 18 నెలలు దాటాకే మెల్లగా మొదలవుతాయి. కొందరికి మూడేళ్లు పడుతుంది.

రెండు గంటలు చడ్డీ పొడిగా ఉంటోందా? రెంటికి వస్తే తలుపు చాటున నక్కుతున్నాడా? తడిస్తే లాగేసుకుంటున్నాడా? ఇవి కనిపిస్తే మొదలుపెట్టు. విజయనగరంలో సిరిమాను పండగ వారం మాత్రం వద్దు, ఇల్లంతా చుట్టాలే ఉంటారు.

తిన్నాక పేగులు కదులుతాయి కాబట్టి టిఫినయ్యాక పావుగంటకో ఇరవై నిమిషాలకో కూర్చోబెట్టు. ఐదు నిమిషాలు చాలు, రాకపోతే లేపెయ్. మీ ఫ్లాట్‌లో ఉన్నది వెస్టర్న్ కమోడ్ కదా, కాళ్లు గాల్లో వేలాడితే ముక్కడానికి పట్టు దొరకదు. పాదాల కింద పీట వెయ్యి. లేదా గంటస్తంభం బజారు వైపు వెళ్లినప్పుడు నేలమీద పెట్టే చిన్న పాటీ కుర్చీ చూడు.

నా భయమంతా మలబద్ధకం గురించే. ఒక్కసారి నొప్పి పుట్టిందంటే పిల్లాడు బిగపట్టేస్తాడు, బిగపట్టేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. నిండిన పేగు మూత్రసంచిని నొక్కుతుంది, దాంతో ఒంటికి కూడా చడ్డీలోనే. ఇది తెలియక పిల్లాణ్ని తిట్టే తల్లుల్ని ఎందర్ని చూశానో! మీవాడు అన్నం మానేసి పాలే తాగుతున్నాడట కదా, ముందు అది రోజుకి అర లీటరు లోపుకి తగ్గించు. బొప్పాయి, బత్తాయి, తోటకూర పప్పు పెట్టు, నీళ్లు తాగించు. రెంటికి వెళ్తూ ఏడ్చినా, రక్తం చార కనిపించినా, ఒంటికి పోసేటప్పుడు మంటన్నా పిల్లల డాక్టర్‌కి చూపించు. ఆముదం మాత్రం పట్టకు, అత్తగారు చెప్పినా సరే.

రాత్రి సంగతి ఇప్పుడు వదిలెయ్. నిద్రలో ఆగడం ఒళ్లు ఎదిగేకొద్దీ వస్తుంది, ఐదేళ్ల దాకా పక్క తడిపినా కంగారు అక్కర్లేదు. పరుపు మీద రబ్బరు షీటు పరిస్తే సరి.

చడ్డీలు పదైనా కొను. బొత్తాలు, నాడాలు లేనివి, వాడే లాక్కోగలిగే ఎలాస్టిక్‌వి.

మీ పెద్దమ్మ