మంగళగిరి వైపు పెద్ద క్రాఫ్ట్ బ్రూవరీ పెట్టొచ్చా, ఇంకా ఆగాలా?

మీరు అడిగింది ఇదీ: విజయవాడలో మీ రెస్టారెంట్లు రెండూ బాగా నడుస్తున్నాయి. తాడేపల్లి, మంగళగిరి మధ్య హైవేకి దగ్గరలో ఎకరం స్థలం లీజుకు దొరికింది. అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నాయి కాబట్టి వెయ్యి లీటర్ల ట్యాంకులు ఎనిమిది పెట్టి, మూడు వందల సీట్లతో క్రాఫ్ట్ బ్రూవరీ (అక్కడే బీరు కాచి అక్కడే పోసే చోటు) ఒకేసారి కట్టేద్దామని మీ పార్ట్‌నర్లు అంటున్నారు. ఇది తొందరపాటా అని మీ సందేహం.

స్థలం వదులుకోకండి. ట్యాంకులు మాత్రం మూడు చాలు. మిగతా అయిదింటికి ఫ్లోరింగ్, డ్రైన్, గ్లైకాల్ పైపు (ట్యాంకులను చల్లబరిచే ద్రవం తిరిగేది), కరెంటు లోడు ఇప్పుడే సిద్ధం చేసి, చోటు ఖాళీగా ఉంచండి. నేను తెనాలి వాణ్ని. హైదరాబాద్‌లో చాలాకాలం బ్రూయర్‌గా చేసి, ఇప్పుడు విజయవాడలో పానీయాల ప్లాంట్లకు ప్రాసెస్ పనులు చూస్తున్నాను. మీలాంటి ప్లానే ఒకదాన్ని లోపల ఉండి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీ నిబంధనలు వచ్చాక హైదరాబాద్‌లో ఒకటొకటిగా బ్రూవరీలు తెరిచారు. నేను పనిచేసిన చోట మొదటి బ్రాంచి బాగా ఆడింది. ఆ ధైర్యంతో ఓనర్లు నగరానికి పడమర పక్క, టవర్లు ఇంకా లేస్తున్న ఏరియాలో దానికి మూడింతలు పెద్ద బ్రాంచి తెరిచారు. ఏరియా పెరుగుతుందన్న వాళ్ల అంచనా నిజమే అయింది, ఈరోజు అక్కడ రోడ్డు దాటడమే కష్టం. కానీ ఆ జనం రావడానికి ఏళ్లు పట్టింది. బీరు అన్నాళ్లు ఆగదు.

శుక్ర, శనివారాల్లో సీటు దొరికేది కాదు. సోమవారం నుంచి గురువారం దాకా హాల్లో వెయిటర్లే ఎక్కువ కనిపించేవారు. గోధుమ బీరు ట్యాంకులో రెడీ అయిన కొత్తలో మూత తీస్తే అరటిపండు, లవంగం వాసన గుప్పుమంటుంది. దానికున్న అందమే అది. వారాలు గడిచేకొద్దీ ఆ వాసన పోతుంది, మబ్బులా ఉండే రంగు కిందికి దిగిపోయి పైన తేటబడుతుంది, తాగితే చప్పగా, తడిసిన అట్టపెట్టెను గుర్తుచేసే రుచి వస్తుంది. పారబోయడానికి ఓనర్లకు మనసొప్పక ఆఫర్లు పెట్టి అదే అమ్మించారు. మొదటిసారి క్రాఫ్ట్ బీరు తాగడానికి వచ్చినవాళ్లకు దొరికింది ఆ పాత బీరే. వాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. చివరికి పారబోయక తప్పలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దేశమంతటా మైక్రోబ్రూవరీలు ట్యాంకులకు ట్యాంకులు డ్రైనేజీలో వదిలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సీసాలో పెట్టి దాచుకునే సరుకు కాదిది. ఎన్ని ఎక్కువ ట్యాంకులు ఉంటే అంత ఎక్కువ నష్టం.

మీ ఎనిమిది ట్యాంకుల లెక్కే వేద్దాం. గోధుమ బీరుకు కాచిన రోజు నుంచి ట్యాప్‌కి వచ్చేదాకా సుమారు రెండు వారాలు. అంటే నెలకు ఒక్కో ట్యాంకు రెండుసార్లు నిండుతుంది. ఎనిమిదింటికి 16,000 లీటర్లు. రోజుకు 530 లీటర్ల పైమాట, అంటే వెయ్యికి మించి అర లీటరు మగ్గులు. మీ మూడు వందల సీట్లలో ప్రతి సీటు మీదా రోజూ మూడు మగ్గులకు పైగా అమ్ముడుపోవాలి, మంగళవారం కూడా. లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులిసే బీరు) అయితే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి దానికి ట్యాంకు ఎక్కువ కాలం ఇరుక్కుంటుంది, అమ్మకం ఒత్తిడి కాస్త తగ్గుతుంది. అయినా ఒకటి రెండు ట్యాంకులు దానికి ఇచ్చినంత మాత్రాన లెక్క పెద్దగా మారదు. మూడు ట్యాంకులతో నెలకు 6,000 లీటర్లు వస్తుంది. ఇది మొదటి ఏడాదికి మీరు అమ్ముకోగలిగే సరుకు. అయిపోతే "ఈ వారం స్టౌట్ (నల్ల బీరు) లేదండీ" అని చెప్పడంలో నామోషీ ఏమీ లేదు. తాజాగా పోస్తున్నారని జనానికి అర్థమవుతుంది.

ఇక అక్కడ మీ కస్టమర్లు ఎవరు? రోడ్డు మీద రద్దీ చూసి మోసపోవద్దు. వెలగపూడి సచివాలయ ఉద్యోగులకు వారానికి అయిదు రోజులే పని. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి చాలామంది హైదరాబాద్ రైలెక్కేస్తారు. అంటే బ్రూవరీలకు అసలు బేరం ఉండే రెండు రోజులూ వాళ్లు ఊళ్లో ఉండరు. ఎస్‌ఆర్‌ఎం, వీఐటీ యూనివర్సిటీలు రెండూ 2017 నుంచి ఉన్నాయి, వేలమంది పిల్లలు ఉన్నారు. కానీ మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం పోయకూడదు. డిగ్రీ పిల్లల్లో ఎక్కువమంది ఆ లోపు వాళ్లే. వాళ్లను లెక్కలోంచి పూర్తిగా తీసేయండి, గేటు దగ్గర కార్డు చూడటంలో మొహమాటపడకండి. ఎయిమ్స్ డాక్టర్లు, సిబ్బంది, కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్లు వస్తారు, వీళ్లు నెమ్మదిగా పెరిగే బేరం. మిగిలింది వీకెండ్‌లో విజయవాడ, గుంటూరు నుంచి కార్లలో వచ్చే కుటుంబాలు, స్నేహితుల గుంపులు. మీ బ్రూవరీ మొదటి రెండు మూడేళ్లు బతికేది వీళ్ల మీదే.

విజయవాడ వాళ్లు రాత్రి తిరిగి వెళ్లాలంటే వారధి దాటాలి. తాగి బండి నడిపే మనిషి మీ గేటులోంచి బయటికి వెళ్లకూడదు. అది మీ బాధ్యతే అనుకోండి. డ్రైవర్లను పెట్టుకోండి, క్యాబ్‌లతో మాట్లాడుకోండి, కారు రాత్రికి మీ ఆవరణలో వదిలి వెళ్లే వీలు కల్పించండి. ఎకరం స్థలం ఉన్నందుకు నాకు నచ్చే ఉపయోగం ఇదే.

క్యాలెండర్ కూడా చూడాలి. హైదరాబాద్‌లోనే మేము శ్రావణం, కార్తీకంలో బ్యాచ్‌లు తగ్గించేవాళ్లం. విజయవాడ చుట్టుపక్కల ఇది ఇంకా ఎక్కువ. కార్తీకంలో చాలా ఇళ్లలో ఇంటిల్లిపాదీ నీచు ముట్టరు, ఆ వెంటే అయ్యప్ప మాలలు, భవానీ దీక్షలు సంక్రాంతి దగ్గరికి సాగుతాయి. మాల వేసుకున్న ఒక్కరు ఆగిపోతే ఆ గుంపులో మిగతా నలుగురూ రారు. మళ్లీ డిసెంబరు 31కి ఒక్కసారిగా పోటెత్తుతారు. ట్యాంకులు తక్కువగా ఉంటే ఈ ఎగుడుదిగుళ్లు తట్టుకోవచ్చు.

నేల విషయం జాగ్రత్త. అటువైపు నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసే నేల. నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు స్టీలుతో కలిపి టన్నున్నర దాకా బరువు తూగుతుంది. పునాది సరిగా లేకపోతే ఫ్లోరింగ్ కుంగుతుంది, డ్రైన్ వాలు తప్పుతుంది, నీళ్లు నిలిచి ఈగలు చేరతాయి. స్ట్రక్చరల్ ఇంజనీరుతో మట్టి పరీక్ష చేయించాకే లీజు మీద సంతకం పెట్టండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే వారం ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మీ స్థలం కృష్ణకు అవతలి ఒడ్డున, గుంటూరు వైపు ఉంది కాబట్టి బుడమేరు భయం లేదు. కానీ ఆ వానకు అక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో పక్క పొలం రైతును అడగండి. చిల్లరు (ట్యాంకులను చల్లబరిచే యంత్రం), కంప్రెసరు, ప్యానెల్ బోర్డు ఆ మట్టానికి పైనే ఉండాలి.

నీళ్ల ఖర్చు కొత్తవాళ్లకు తెలియదు. లీటరు బీరుకు కడుగుడుతో కలిపి చిన్న బ్రూవరీలో ఆరేడు లీటర్ల నీళ్లు పోతాయి. బోరు నీళ్లకు ముందు టెస్ట్ చేయించాలి. ఆర్‌ఓ పెట్టాక ఆ నీళ్లను వట్టిగా వాడితే మాష్‌కి (వేడినీళ్లలో నానబెట్టిన గింజల పిండికి) కావలసిన కాల్షియం ఉండదు, కొలిచి మళ్లీ కలపాలి. బయటికి వెళ్లే నీళ్లలో చక్కెర, ఈస్ట్ ఉంటాయి. శుద్ధి చేయకుండా పొలం కాలువలోకి వదిలితే రెండో వారానికల్లా ఊరు మీ గేటు ముందు ఉంటుంది, అది న్యాయమే కూడా. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, శుద్ధి ప్లాంటు మొదటి రోజు నుంచే ఉండాలి. బీరు కాచాక మిగిలే గింజల పిప్పి విషయంలో మాత్రం మీకు మంచి చోటు దొరికింది. వెయ్యి లీటర్ల బ్యాచ్‌కి రెండు క్వింటాళ్ల దాకా తడి పిప్పి వస్తుంది. గేదెలు ఇష్టంగా తింటాయి, చుట్టూ పాడి ఉన్న ఊళ్లే. అయితే మన ఎండకు ఒక్కరోజులో పులిసి కంపు కొడుతుంది. కాచిన రోజే తీసుకెళ్లే రైతును ముందే మాట్లాడుకోండి. డబ్బులు అడక్కండి, బండి రావడం ముఖ్యం.

ఎండాకాలం గురించి బెజవాడ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గోధుమ బీరు ఈస్ట్ ఇరవై డిగ్రీల దగ్గర పనిచేయాలి. అది పనిచేస్తున్నప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. మే నెల మధ్యాహ్నం బయట 44 ఉండగా కరెంటు పోయి, జనరేటర్ చిల్లరును లాగలేకపోతే కొన్ని గంటల్లో బ్యాచ్ రుచి మారిపోతుంది. ఇడ్లీ పిండి ఎండాకాలం త్వరగా పులిసిపోయినట్టే, కాకపోతే ఇక్కడ పోయేది వెయ్యి లీటర్లు. జనరేటర్ లెక్కలో ఏసీలు, లైట్ల కంటే ముందు చిల్లరును రాయించండి. చిల్లర్లు ఒక పెద్దది బదులు రెండు చిన్నవి పెట్టండి.

ట్యాంకులు ఆటోనగర్‌లో చేయిస్తే సగం ధరకే వస్తాయని మీ పార్ట్‌నర్ అన్నారని రాశారు. ఆటోనగర్ పనివాళ్ల పనితనం మీద నాకు చాలా గౌరవం ఉంది. స్టాండ్లు, ప్లాట్‌ఫారాలు, మాల్ట్ (బీరుకు వాడే మొలకగింజలు) నిలవచేసే బిన్నులు వాళ్లతోనే చేయించండి. ఫర్మెంటర్ (బీరు పులిసే ట్యాంకు) వేరే పని. వెల్డింగ్ చేసేటప్పుడు లోపలి వైపు ఆర్గాన్ గ్యాస్ నింపాలి. లేకపోతే బయట అద్దంలా మెరిసే అతుకే లోపల నల్లగా కాలి, గరుకుగా మిగిలిపోతుంది. ఒకసారి అలాంటి ట్యాంకు మ్యాన్‌హోల్‌లోంచి టార్చి వేసి, చేయి పెట్టి చూశాను. అతుకు పొడవునా వేలికి ఇసుక తగిలినట్టు తగిలింది. ఆ గుంటల్లో చేరిన బాక్టీరియా ఏ కాస్టిక్‌కీ వదలదు, ప్రతి బ్యాచ్ పుల్లబారుతుంది. మూడు ట్యాంకులే కొంటున్నారు కాబట్టి మంచివి కొనండి.

బీరు రకాల గురించి మీరు అడగలేదు కానీ, నాకు ఇష్టమైన విషయం కాబట్టి చెప్తాను. గుంటూరు కారంతో చేసిన కోడి వేపుడు పక్కన బాగా చేదుగా ఉండే ఐపీఏ రకం బీరు పెడితే కారం ఇంకా మండుతుంది. గోధుమ బీరు, తేలికపాటి లాగర్ ఆ మంటను సర్దుతాయి. బార్లీ మనకు రాజస్థాన్, హర్యానా వైపు నుంచో, విదేశాల నుంచో రావాలి. కానీ బియ్యం నూకలు మన దగ్గర కావలసినన్ని. నూకలను విడిగా ఉడికించి మాష్‌లో కలిపితే తాగడానికి తేలికైన, మన ఎండకు సరిపోయే లాగర్ వస్తుంది. బ్రూ హౌస్ (బీరు కాచే పాత్రల సెట్టు) ఆర్డర్ ఇచ్చేటప్పుడే నూకలు ఉడికించే పాత్ర అడగండి, తర్వాత అతికించడం కష్టం. తెనాలి నిమ్మకాయ తొక్కతో గోధుమ బీరు చేసినా బాగుంటుంది.

ప్రభుత్వ విధానం సంగతి మీ లోను కాలంతో ముడిపెట్టి చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో సడలించారు. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకు వచ్చాయి. అమరావతికి 2015లో శంకుస్థాపన జరిగితే 2019 తర్వాత పనులు ఆగి, 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. ఇవి రెండూ ఎన్నికలతో పాటు మారుతున్నాయి, మీ వ్యాపారం రెండింటి మీదా నిలబడుతోంది. అందుకే వచ్చే ఎన్నికల లోపు పెద్ద అప్పు తీరిపోయేంత సైజులోనే కట్టమంటున్నాను. దూబగుంట మాట ఇంకో కారణానికి కూడా ఎత్తాను. మంగళగిరి నరసింహస్వామి ఊరు. గుడికి, బడికి ఎంత దూరం ఉండాలో ఎక్సైజ్ నిబంధనలు చెప్పేది ఒకటైతే, చుట్టుపక్కల ఆడవాళ్లు ఏమనుకుంటారన్నది ఇంకొకటి. బోర్డు పెట్టకముందే వాళ్లతో కూర్చుని మాట్లాడండి. పనుల్లోకి వాళ్ల ఇళ్లలో వయసొచ్చినవాళ్లను తీసుకోండి.

లీజు కాగితంలో మూడు మాటలు రాయించుకోండి. లైసెన్సు చేతికి వచ్చేదాకా అద్దె సగమే. ప్రభుత్వ విధానం మారి లైసెన్సు రద్దయితే జరిమానా లేకుండా ఖాళీ చేసే హక్కు. పక్క స్థలం ఓనరుదే అయితే, అది అద్దెకిచ్చేటప్పుడు ముందు మిమ్మల్నే అడగాలి. నాలుగో ట్యాంకు ఎప్పుడంటే, మామూలు నెలల్లో, కార్తీకం కాకుండా, మంగళ, బుధవారాల్లో కూడా మీ మూడు ట్యాంకుల సరుకు తాజాగా ఉండగానే అయిపోతున్నప్పుడు.