హమాలీ అని చెప్పుకోవాలా, వ్యాపారి అని వేయించాలా?

ప్రశ్న: మాది చెన్నై, పాత వాషర్‌మన్‌పేట. నేను షోళింగనల్లూరులో ఉంటూ ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. మా తాత పోయి పది నెలలైంది. కావలి దగ్గర పల్లె నుంచి 1957లో వచ్చి, కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్లో మూటలు మోశాడు. 1996లో మార్కెట్ కోయంబేడుకు మారేదాకా అదే పని. వీధిలో ఎవరు చనిపోయినా ఖర్చుకు తడుముకోకూడదని నెలనెలా చీటీ డబ్బు వసూలు చేసి, లెక్క రాసేవాడు. ఆయన ఫోటో రామమందిరంలో పెడతామని వీధివాళ్లు అడుగుతున్నారు. నాన్న మాత్రం సంవత్సరీకం కల్యాణ మండపంలో పెట్టి, కార్డులో ‘కూరగాయల వ్యాపారి’ అని వేయిస్తానంటున్నాడు. దీని మీద చిన్నాన్నతో మాటలు కూడా ఆగిపోయాయి. తాత లెక్కల పుస్తకం నా దగ్గరుంది, నాకేమో తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఆయనతో పనిచేసిన ఒక పెద్దాయన ఇంకా వీధిలోనే ఉన్నాడు, ఎనభై దాటాయి. చివరి రెండేళ్లు ప్రాజెక్టు టెన్షన్‌లో పడి తాతను చూడటానికి సరిగా వెళ్లలేదన్న బాధ నన్ను వదలడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు కార్డు సంగతి. ‘వ్యాపారి’ అన్న మాట వేయించవద్దనే నేనూ అంటాను. అది నిజం కాదన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఆ కార్డు ఎవరి చేతికి వెళ్తుందన్నది. సంవత్సరీకానికి వచ్చి విస్తరి ముందు కూర్చునేవాళ్లలో చాలామంది మీ తాతగారితో కలిసి మూటలెత్తినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు. ఆ మాట చదివితే, తమతో పనిచేశాడని చెప్పుకోవడానికి ఆయన ఇంటివాళ్లకే నామోషీగా ఉందని వాళ్లకు అర్థమైపోతుంది.

అలాగని నాన్న మీద కోపం తెచ్చుకోకండి. మీకు ఆయన తాత. నాన్నకు, బడికెళ్లే రోజుల్లో తండ్రి. గోనె పీచు అంటుకున్న చొక్కాతో ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రిని చూసి తోటి పిల్లలు ఏమన్నారో, ఆ పిల్లవాడు ఎంత కుంచించుకుపోయాడో మీకెవరూ చెప్పి ఉండరు. ఇలాంటి కుటుంబాలతో మాట్లాడేటప్పుడు తరచూ చూస్తుంటాను. మనవలు గొప్పగా చెప్పుకునే కష్టాన్ని కొడుకులు దాచుకుంటారు. ఎందుకంటే ఆ కష్టం చుట్టూ ఉన్న అవమానం వాళ్లు పడ్డారు, మనవలు పడలేదు. నాన్న దాస్తున్నది తండ్రిని కాదు, తన చిన్నతనాన్ని అనుకుని చూడండి.

ఆ పని ఎంత బరువో కూడా మీకు తెలియాలి. లారీలు రాత్రిళ్లు వచ్చేవి. జార్జిటౌన్ ఇరుకు సందుల్లో తెల్లవారేలోగా సరుకు దిగాలి. మార్కెట్‌ను కోయంబేడుకు తరలించింది కూడా ఆ ఇరుకు భరించలేకే. ఒక మగవాడు మోసే బరువు 55 కిలోలు మించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫార్సు చేసింది. మన దగ్గర నూరు కిలోల బస్తా ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మనుషుల నెత్తికెక్కుతూనే ఉంది. ఇలా ఒళ్లు వంచి పనిచేసే కూలీల కోసం తమిళనాడు ప్రత్యేకంగా చట్టం చేసింది 1982లో. అప్పటికే మీ తాతగారు పాతికేళ్లుగా మూటలు మోస్తున్నారు.

పీఎఫ్, ఇన్సూరెన్స్ లాంటివేవీ లేని మనుషులకు ఆయన వసూలు చేసిన చీటీయే ఆసరా. చావు చెప్పి రాదు. వచ్చిందంటే పాడెకు, కట్టెలకు, ఊరి నుంచి దిగే బంధువుల భోజనాలకు అప్పటికప్పుడు చేతిలో డబ్బుండాలి. ఆ పూట వడ్డీవాడి గుమ్మం తొక్కకుండా ఎన్ని ఇళ్లను కాపాడారో! తాము కూడా రోజు కూలి మీద బతికేవాళ్లు నెలనెలా డబ్బు తెచ్చి ఇంకో కూలీ చేతిలో పెట్టారంటే, ఆయన మీద ఎంత నమ్మకం ఉండాలి?

అందుకే ఆ లెక్కల పుస్తకం పట్టుకుని నాన్న దగ్గరకు వెళ్లండి. చిన్నాన్న లేనప్పుడు, మీరిద్దరే ఉన్నప్పుడు. కార్డు ఊసెత్తకండి. ‘నాకు చదవడం రాదు, నువ్వు చదివి వినిపించు నాన్నా’ అనండి. పేరు తర్వాత పేరు చదువుతుంటే ఆయనకే గుర్తొస్తాయి, ఎవరింట్లో ఎప్పుడు ఎవరు పోయారో, తాత నిద్ర మానుకుని ఎవరి గుమ్మం ముందు కూర్చున్నారో. మధ్యలో ఆగిపోతే తొందరపెట్టకండి. బడి రోజుల మాట వస్తే వినండి, సర్దిచెప్పకండి. ఒక జాగ్రత్త మాత్రం. ఆ పుస్తకంలో బాకీలూ ఉంటాయి, ఆ కుటుంబాలు ఇంకా అదే వీధిలో ఉంటాయి. పేజీలు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ఆ తర్వాత కార్డు గురించి మాట్లాడండి. ‘కొత్వాల్ చావడిలో 39 ఏళ్లు పనిచేశారు, వీధి చీటీ లెక్కలు చూశారు’ అని వేయిద్దామని అడగండి. హమాలీ అన్న మాట రాయాల్సిందేనని పట్టుపట్టకండి. తెలిసినవాళ్లకు తెలుస్తుంది, అబద్ధమూ ఉండదు. మందిరంలో పెట్టే ఫోటోను నాన్ననే ఎంచమనండి. తాతగారు ప్యాంటు చొక్కాలో దిగిన ఫోటోను నాన్న ఎంచితే అదే పెట్టనివ్వండి.

మండపమా, వీధా అన్నది అంత పెద్ద విషయం కాదు. ఖర్చు ఎవరు పెడుతున్నారో చూసుకుని తేల్చుకోండి. ఎక్కడైనా సరే, భోజనాలు మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టండి. మార్కెట్లో రాత్రి పనికి వెళ్లేవాళ్లు పొద్దున నిద్రలో ఉంటారు. చిన్నాన్నకు పిలుపు మీ ద్వారా కాకుండా నాన్న నోటి నుంచే వెళ్లాలి.

ఇక మీ బాధ. వెళ్లలేకపోయిన రెండేళ్లు తిరిగి రావు, ‘ఏం ఫరవాలేదు’ అని నేననను. కానీ ఆ బాధతో కార్యక్రమం మొత్తం మీ నెత్తినేసుకుని, అందరితో గొడవపడి, తాత కోసమే చేస్తున్నానని అనుకోవద్దు. ఆయన్ను తెలుసుకోవడానికి మీకింకా ఒక దారి ఉంది, ఆ పెద్దాయన. ‘తాత ఎలాంటివాడు’ అని అడిగితే ‘బంగారంలాంటి మనిషి’ అని ఊరుకుంటారు. మొదటి మూట ఎవరు ఎత్తించారు, కూలి ఎలా పంచుకునేవారు, వాన రాత్రి సరుకు తడవకుండా ఏం చేసేవారు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోవాలనుంటే ముందే చెప్పి చేయండి. నాన్న వస్తానంటే వెంటబెట్టుకెళ్లండి, రానంటే మీరొక్కరే వెళ్లండి. ఎనభై దాటినాయన, సంవత్సరీకం దాకా ఆగకుండా ఈ ఆదివారమే వెళ్లిరండి.