మొదటి పుస్తకం యూనివర్సిటీ ప్రెస్‌లో వస్తోంది, ప్రచారం సంగతి వాళ్ళే చూసుకుంటారా?

మీరు అడిగింది ఇదీ: థీసిస్ నుంచి తయారైన మీ మొదటి పుస్తకాన్ని ఒక యూనివర్సిటీ ప్రెస్ వేస్తోంది, మీ గురించీ పుస్తకం గురించీ వివరాలడిగే పన్నెండు పేజీల ఫారం పంపి నింపమన్నారు, కేటలాగ్‌లో, న్యూస్‌లెటర్‌లో పెడతామన్నారు. ఇంతేనా, ఇంకేమీ చేయరా, డబ్బు పెట్టి పబ్లిసిటీకి వేరే మనిషిని పెట్టుకోవాలా అని.

ముందు ఆ ఫారం నింపండి. మిగతా టెన్షన్లు తర్వాత. నేను ఒక యూనివర్సిటీ ప్రెస్ పబ్లిసిటీ విభాగంలో ఆరేళ్లు పనిచేశాను, ఆ తర్వాత నా పుస్తకం ఇంకో ప్రెస్ వేసింది. అలాంటి ఫారాలు వందకు పైగా పంపి, రాకపోతే వెంటపడి విసిగించినవాణ్ణీ నేనే, నా వంతు వచ్చేసరికి బద్ధకించి నెలన్నర నానబెట్టినవాణ్ణీ నేనే.

విభాగం అనగానే పెద్ద హాలు, వరసగా కంప్యూటర్లు ఊహించుకోకండి. మేం ముగ్గురం. సీజన్‌కి, అంటే ఆరు నెలలకి, నా ఒక్కడి వంతుకే ఇరవైకి పైగా పుస్తకాలు వచ్చేవి. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ వాటిలో మొదటినుంచి చివరిదాకా చదివినవి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ఎడిటర్ రాసిచ్చిన ఒక పేజీ నోట్, పీర్ రివ్యూ రిపోర్టులు (అంటే పుస్తకం చదివి బయటి నిపుణులు ఇచ్చే అభిప్రాయాలు), మీ ముందుమాట, మీ ఫారం, ఈ నాలుగూ ముందేసుకుని వెనక అట్ట మీద మాటలు, కేటలాగ్‌లో పేరా, న్యూస్‌లెటర్‌లో నాలుగు లైన్లు, రివ్యూ అడుగుతూ పంపే ఉత్తరం అన్నీ రాయాలి. మీరు ఫారంలో "ఈ గ్రంథం బహుముఖీన దృక్పథంతో..." అని మొదలుపెడితే నేనూ అదే తిప్పి రాస్తాను. నాకు ఇంకేం తెలుసని?

ఒక ఉదాహరణ చెబుతాను. తూనికలు కొలతల చరిత్ర మీద ఒక రచయిత్రి పుస్తకం మా దగ్గర 2016లో వచ్చింది. ఫారంలో ఆవిడ రాసింది, కొలమానాల ప్రామాణీకరణను రాజ్యం, విపణి, నమ్మకం అనే మూడింటి మధ్య సంబంధంగా పరిశీలించాను అని. తప్పేం లేదు, సరిగ్గా పుస్తకంలో ఉన్నదే. నేను దాన్ని అటూ ఇటూ మార్చి కేటలాగ్‌లో పెట్టాను, న్యూస్‌లెటర్‌లో పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు. రెండేళ్ల తర్వాత ఏదో అడ్రస్ మార్పు గురించి ఆవిడ ఫోన్ చేసి, మాటల్లో మాటగా, తాను ఈ పుస్తకం మొదలుపెట్టింది ఒక మ్యూజియంలో చూసిన పాత కొలపాత్ర వల్ల అని చెప్పింది. దాని అడుగున మైనం కరిగించి పోసి ఉందట. పైనుంచి చూస్తే నిండు కొలతే, కొలిచిన ప్రతిసారీ పిడికెడు గింజలు మాత్రం వర్తకుడికి మిగిలేవి. "ఆ మైనం మీద వేలి ముద్ర కూడా ఉందండీ, ఎవరో నొక్కి సరిచేసినట్టు" అంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇది ఫారంలో ఎందుకు రాయలేదండీ అంటే, అది పరిశోధన కాదు కదా, పిచ్చాపాటీ అనుకున్నాను అంది.

అది 2018 చివర. ఆ నవంబర్ 16న వెర్సాయ్‌లో జరిగిన సమావేశంలో కిలోగ్రామ్ నిర్వచనం మార్చాలని తీర్మానించారు. 1889 నుంచి పారిస్ దగ్గర సెవ్ర్‌లో భద్రంగా దాచిన ప్లాటినం ఇరిడియం దిమ్మ బరువే కిలో అనుకుంటూ వచ్చాం, దాని బదులు ప్లాంక్ స్థిరాంకం అనే, భౌతికశాస్త్రంలో ఎప్పుడూ మారని ఒక విలువ ఆధారంగా కిలోని లెక్కగడతారు, 2019 మే 20 నుంచి అమలు. మాకు ఇంకేం కావాలి! ఆవిడ చేత ఎనిమిది వందల మాటల వ్యాసం రాయించాం, మైనం పూసిన కొలపాత్రతో మొదలుపెట్టి సెవ్ర్ దిమ్మ దాకా. మే నెల న్యూస్‌లెటర్‌లో మొదట అదే పెట్టాం. ఆ నెల మా పాఠకులు ఎక్కువగా నొక్కిన లింకు అదే, దాని వెనకే ఒక రేడియో కార్యక్రమం వాళ్ళు ఆవిడని పిలిచారు. మూడేళ్ల పాత పుస్తకం అది. కొత్త పుస్తకాలు వరసలో నిలబడి చూస్తుంటే పాతది ముందుకెళ్లి కూర్చుంది.

అందుకే ఫారంలో ఈ పుస్తకం ఏ తేదీలకి, ఏ వార్తలకి దగ్గరగా ఉంటుంది అని అడిగిన చోట ఖాళీ వదలకండి. వచ్చే రెండు మూడేళ్లలో మీ విషయానికి సంబంధించిన శతజయంతి ఉందా, చట్టం మారబోతోందా, ఏదైనా అంతరిక్ష నౌక ఎక్కడికైనా చేరబోతోందా, ఇవి మాకు తెలియవు, మీకు తెలుసు.

ఇక కేటలాగ్‌లో పెడతాం అన్నారు కదా, అది చిన్న విషయం అనిపిస్తుంది గానీ అసలు పని అక్కడే జరుగుతుంది. ఇప్పుడు కేటలాగ్ అంటే రంగుల పుస్తకం ఒక్కటే అనుకోకూడదు. పుస్తకం పేరు, 13 అంకెల ఐఎస్‌బీఎన్, రచయిత పరిచయం, చిన్న వివరణ, పెద్ద వివరణ, సబ్జెక్ట్ కోడ్‌లు, ఇవన్నీ ఆనిక్స్ అనే పద్ధతిలో ఒక ఫైలుగా ఆన్‌లైన్ దుకాణాలకీ, లైబ్రరీలకి పుస్తకాలు సరఫరా చేసేవాళ్ళకీ వెళ్తాయి. విడుదలకి నెలల ముందే వెళ్తాయి. ఆ ఫైల్లో మీ పేరు ఇనీషియల్ తప్పు పడితే అది పది చోట్ల తప్పుగా కనిపిస్తుంది, మేం సరిచేసినా కొన్ని చోట్ల మారడానికి వారాలు పడుతుంది. మీ పేరు ఎలా వేయాలో ఇప్పుడే తేల్చండి, ఇంతకుముందు వ్యాసాలు ఏ పేరుతో వచ్చాయో అదే పేరుతో ఉంటే మేలు. సబ్జెక్ట్ కోడ్‌లు ఏమేం పెట్టారో అడగండి, ఏమీ అనుకోరు. వైద్య చరిత్ర పుస్తకాన్ని వైద్యం కింద మాత్రమే పెడితే చరిత్ర వాళ్ళకి అది ఎప్పటికీ కనపడదు.

టైమింగ్ గురించి: పబ్లిషర్స్ వీక్లీ, లైబ్రరీ జర్నల్ లాంటి పత్రికలు విడుదలకి మూడు నాలుగు నెలల ముందే కాపీ కావాలంటాయి. పుస్తకం బయటికి వచ్చాక పంపితే పని కాదు. పరిశోధన పత్రికలది దీనికి పూర్తిగా ఉల్టా, వాటిలో రివ్యూ రావడానికి ఏడాది, రెండేళ్లు కూడా పడుతుంది. మీ పుస్తకం వచ్చిన మూడో నెలలో "ఒక్క రివ్యూ కూడా లేదేంటి" అని ప్రెస్‌కి మెయిల్ పెట్టకండి. నేను పెట్టాను. ఆరేళ్లు ఆ సీట్లో కూర్చుని వచ్చాక కూడా పెట్టాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి. మా రచయిత ఒకాయన మొదటి పుస్తకం డిసెంబర్‌లో గోడౌన్‌కి వచ్చింది. సంవత్సరం చివర్లో వచ్చే పుస్తకాల్లో లోపల కాపీరైట్ పేజీ మీద వచ్చే సంవత్సరం వేయడం మామూలే. ఆయన రంగంలో మొదటి పుస్తకాలకి ఇచ్చే అవార్డు ఒకటి ఉంది, దానికి ప్రెస్సే నామినేట్ చేయాలి, జడ్జిలు ఒక్కొక్కరికీ విడిగా కాపీ పోస్ట్ చేయాలి. నేను క్యాలెండర్ చూసి, డిసెంబర్‌లో వచ్చింది కదా అని ఆ ఏడాది అవార్డుకి పంపేశాను. వాళ్ళు కాపీరైట్ సంవత్సరం చూసి, ఇది ఈసారికి చెల్లదు, వచ్చే ఏడాది పంపండి అన్నారు. ఆ మెయిల్‌కి గుర్తు పెట్టుకున్నాను, ఫోల్డర్‌లో వేశాను, తర్వాతి ఏడాది ఆ వారంలోనే ఆఫీసు మెయిల్ కొత్త సిస్టమ్‌కి మారింది. గుర్తొచ్చేసరికి గడువు దాటి తొమ్మిది రోజులు. మొదటి పుస్తకం అవార్డు రెండో పుస్తకానికి ఇవ్వరు. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "సరేలెండి" అన్నాడు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది.

కాబట్టి అవార్డుల జాబితా మీరే తయారు చేయండి: పేరు, గడువు, ఏ కాపీరైట్ సంవత్సరం, ఎన్ని కాపీలు, ఎవరు నామినేట్ చేయాలి. ఫారంలో ఇస్తే సరిపోతుందనుకోకండి, గడువుకి ఆరు వారాల ముందు ఒక మెయిల్ పెట్టండి. విసిగిస్తున్నామేమో అని మొహమాటపడేవాళ్ళే ఎక్కువ. రెండు లైన్ల మెయిల్‌కి ఎవరూ విసుక్కోరు. మూడు పేజీల మెయిల్‌కే భయం.

మీరు అసలు అడగాలనుకున్నది ఇది కాదేమో, నా పుస్తకం పేరు నలుగురి నోటా వినబడుతుందా అనేమో. అలాంటివి జరుగుతాయి. 1980లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన జాన్ కెనెడీ టూల్ నవలకి మరుసటి ఏడాది పులిట్జర్ వచ్చింది, అప్పటికి రచయిత చనిపోయి పన్నెండేళ్లు. 2014లో హార్వర్డ్ వాళ్ళు ఇంగ్లీషులో వేసిన థామస్ పికెటీ ఆర్థికశాస్త్రం పుస్తకం, అంత లావుది, బెస్ట్ సెల్లర్ అయి కూర్చుంది. ఇవి అందరూ చెప్పుకునేది అరుదు కాబట్టే. మామూలుగా ఒక పరిశోధన గ్రంథం మొదటి ముద్రణ కొన్ని వందల కాపీలు, లైబ్రరీలకి కొన్ని, మీ రంగం వాళ్ళకి కొన్ని. యూనివర్సిటీ ప్రెస్‌లో పుస్తకం వేయాలా వద్దా అనేది బయటి నిపుణుల రిపోర్టులు చూసి అధ్యాపకుల బోర్డు తేలుస్తుంది, ఎన్ని అమ్ముడుపోతాయన్నది ఒక్కటే చూసి వేసే చోటు కాదది. ప్రచారం కూడా ఆ లెక్కనే నడుస్తుంది, ఊరంతా దండోరా వేయించరు, ఈ పుస్తకం లేకపోతే పని ఆగిపోయే కొన్ని వందల మందిని వెతికి వాళ్ళకి చెబుతారు. అందుకే న్యూస్‌లెటర్‌ని తక్కువగా చూడకండి. చాలా ప్రెస్‌లకి సబ్జెక్ట్ వారీగా వేర్వేరు మెయిలింగ్ లిస్టులుంటాయి. మీ పుస్తకం ఏ లిస్టుకి వెళ్తోందో అడగండి, ఒకటికి మించి వెళ్లచ్చు, ఒక్కో లిస్టుకి ఒక్కో మాటతో వెళ్తే ఇంకా మంచిది.

ఈ "ఒక్కో మాట" సంగతి మన పెద్దనతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 2015 జనవరిలో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే గ్రంథమాలలో మొదటి ఐదు పుస్తకాలు వచ్చాయి, అందులో మనుచరిత్ర ఒకటి, ఎడమ పేజీలో తెలుగు లిపి, ఎదురుగా ఇంగ్లీషు. ఆ కబురు మీకూ నాకూ చెప్పాలంటే పెద్దన ఎవరో చెప్పక్కర్లేదు, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ అనువాదం అంటే చాలు. పదహారో శతాబ్దపు యూరప్ సాహిత్యం చదువుకునేవాడికి మాత్రం అదే కాలంలో ఒక రాజు కొలువులో కూర్చుని రాసిన కావ్యం అని మొదలుపెట్టాలి. పుస్తకం అదే, తలుపు వేరు. మీ పుస్తకానికి ఎన్ని తలుపులున్నాయో మీకే తెలియాలి.

డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడం గురించి నా మాట: మీది మామూలు పాఠకులు కూడా చదివే పుస్తకం అయితే, చేతిలో డబ్బు ఉంటే, ఆలోచించండి, అదీ ప్రెస్ వాళ్ళతో మాట్లాడాకే. లేకపోతే ఇద్దరూ ఒకే సంపాదకుడికి రెండు మెయిళ్లు పెట్టి ఇద్దరూ పలచన అవుతారు, నేను చూశాను. థీసిస్ నుంచి వచ్చిన పుస్తకానికి అయితే వద్దనే అంటాను. ఆ డబ్బుతో రెండు సదస్సులకి వెళ్లి రండి. సదస్సులో ప్రెస్ స్టాల్ ఉంటే ముందే చెప్పండి, మీ పుస్తకం ఎదురుగా నిలబెడతారు, డిస్కౌంట్ కోడ్ ఉన్న కరపత్రాలు ఇస్తారు. పాఠం చెప్పేవాళ్ళు ఎవరైనా "మా కోర్సులో పెట్టుకోవచ్చా" అని అడిగితే వాళ్ళ పేరు ప్రెస్‌కి పంపండి, పరిశీలనకి కాపీ ఇచ్చే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది. అవార్డు వచ్చిందని ముందే లోపాయికారీగా తెలిస్తే ప్రెస్‌కి చెప్పండి, ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టకండి, ప్రకటించే తేదీ దాకా ఆగమంటారు.

చిన్న కబుర్లు కూడా పంపుతూ ఉండండి. రేడియోలో మాట్లాడారా, వేరే భాషలోకి అనువాదం అడిగారా, ఎవరి తీర్పులోనో నివేదికలోనో మీ పుస్తకం ప్రస్తావించారా. న్యూస్‌లెటర్ చేసేవాడికి ప్రతి నెలా మూడో వారంలో ఒక ఖాళీ గడి కనిపిస్తుంది, అప్పుడు మెయిల్‌లో పైన ఎవరి పేరుంటే వాళ్ళ పుస్తకం ఎక్కుతుంది. ఇందులో న్యాయం ఉందా అని అడగకండి.

ఫారం విషయానికే వస్తే, చివరి పేజీలో "ఇంకేమైనా చెప్పదలచుకున్నారా" అని ఒక గడి ఉంటుంది చూడండి, అందరూ అలసిపోయి "లేదు" అని రాసేస్తారు. నేను ఫారం తెరవగానే ముందు చూసేది ఆ గడినే. మీ మైనం కథ అక్కడ రాయండి.